ఆసు ముందు తల్లి, గడీలో దాసి

పోచంపల్లి చీరకు రంగు అంటకముందే, నూలు మగ్గమెక్కకముందే ఒక పని జరగాలి. ఆసు పోయడం. ఒక పక్క ఒంటిగా ఒక మేకు, దానికి ఎదురుగా విసనకర్ర విప్పినట్టు వంపు తిరిగిన వరసలో మేకులు. ఆసు ముందు కూర్చున్న ఆడమనిషి పోగు పట్టుకుని ఒంటి మేకు దగ్గర నుంచి వరసలోని మొదటి మేకుకు చెయ్యి చాపుతుంది, చుట్టి వెనక్కి తెస్తుంది, మళ్లీ రెండో మేకుకు చాపుతుంది. చాపిన ప్రతిసారీ భుజం కీలు కదలాలి. ఒక చీరకు చెయ్యి ఇలా 9,000 సార్లు పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. లెక్క తప్పకూడదు. తప్పితే ఆ తర్వాత నూలుకు ముడులు వేసి, అంటే చిటికీలు కట్టి, రంగులో ముంచినప్పుడు పువ్వు ఒకచోట, రేకు ఒకచోట పడతాయి. భువనగిరి చుట్టుపక్కల చేనేత ఇళ్లలో తరతరాలుగా ఈ పని ఆడవాళ్లదే. చీర గొప్పతనం మగ్గం ముందు కూర్చున్నవాడి ఖాతాలో పడింది. ఆసు పోసిన ఆమెకు భుజం నొప్పి మిగిలింది.

ఈ పనిని సినిమాలో ఎలా చూపించాలి? మూడు సెకన్లు చూపిస్తే ప్రేక్షకుడికి సంగతి అర్థమవుతుంది గానీ దాని బరువు తెలియదు. అరగంట చూపిస్తే హాల్లో సగంమంది లేచి వెళ్లిపోతారు. చాకిరీ గురించి సినిమా తీసే ప్రతి దర్శకుడూ ఈ ఇరకాటంలో పడతాడు. తెలంగాణ నేల మీద దీన్ని ఎదుర్కొన్న రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. ఒకటి 2019 జూన్ 21న విడుదలైన రాజ్ రాచకొండ సినిమా 'మల్లేశం'. రెండోది 1988 నాటి బి. నర్సింగరావు 'దాసి'. ఒకటి ఈ భువనగిరి జిల్లా మనిషి జీవితకథ. మరొకటి ఈ జిల్లా తాతమ్మలు చూసిన కాలం. రెండూ నిదానంగా నడిచే సినిమాలే, రెండింటి నడుమా చాకిరీ చేసే ఆడమనిషి ఉంది. రెండింటినీ 'స్లో' అనే ఒక్క మాటతో పక్కన పెట్టినవాళ్లు చాలామందే. ఆ నిదానం రెండు సినిమాల్లోనూ ఒకటి కాదు.

చింతకింది మల్లేశం కథ ఈ ప్రాంతంలో చాలామందికి తెలిసిందే. ఊరు ఆలేరు మండలం శారాజీపేట. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజాలు పడిపోతుంటే చూడలేక, ఆ చెయ్యి చేసే పనిని యంత్రంతో చేయించాలనుకున్నాడు. 1992లో మొదలుపెట్టాడు. చేతిలో డబ్బు లేదు, ఇంజనీరింగు చదువు లేదు. ఒక్కో భాగం ఒక్కో ఏడాది తిన్నది. చివరి ముడి విడలేదు. హైదరాబాదులో పని చేసుకుంటున్న రోజుల్లో ఒక కార్ఖానాలో వేరే యంత్రమేదో కదిలే తీరు చూసి, తనకు కావలసిన కదలిక అదేనని పట్టుకున్నాడు. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి అమ్మ పేరు పెట్టుకుని లక్ష్మి ఆసు యంత్రం అన్నాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇలాంటి కథ చేతికి దొరికితే మామూలు నిర్మాత ఏం చేస్తాడో మనకు తెలుసు. ఒక దుర్మార్గుడైన సావుకారిని పెడతాడు, హీరో చేత వాణ్ని కొట్టిస్తాడు, పురస్కారం అందుకునే సభలో పది నిమిషాల ఉపన్యాసం ఇప్పిస్తాడు. రాజ్ అది చెయ్యలేదు. 'మల్లేశం'లో ప్రతినాయకుడు అప్పు, నవ్వే ఊరు, కదలని మోటారు. ప్రియదర్శి ఈ పాత్రను హీరోలా మోయడు. ఎవరైనా ఏమన్నా అంటే వెంటనే జవాబు చెప్పలేని మనిషి, ఆలోచన బుర్రలో తిరుగుతుంటే ఎదుటివాడి మాట సగమే వినే మనిషి అతనిలో కనిపిస్తాడు. పెద్దింటి అశోక్ కుమార్ రాసిన మాటలు తెలంగాణ ఇళ్లలో నిజంగా వినబడే మాటలు. నవ్వు పుట్టించడానికి యాసను వాడుకోవడం మన సినిమాకు పాత జబ్బు, ఇక్కడ ఆ జబ్బు లేదు. తల్లిగా వేసిన ఝాన్సీ గురించి వేరే చెప్పాలి. బుల్లితెర మీద అంత గలగలా మాట్లాడే మనిషి ఇక్కడ నొప్పిని మాటల్లోకి రానివ్వలేదు. భుజం ఏ మాత్రం ఎత్తగలదో కొలిచి, అంతే ఎత్తే మనిషి నడక, కూర్చోవడం, లేవడం అన్నీ ఆమెకు పట్టుబడ్డాయి.

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది, పేదవాడు ఆలోచిస్తుంటే చూపించడం. మన తెర మీద పేదవాడు ఏడుస్తాడు, తిరగబడతాడు, చస్తాడు. కూర్చుని ఒక లెక్క తెగక తలపట్టుకోడు. ఈ పుల్లను ఇటు తిప్పితే పోగు అటెందుకు పోతోంది అని గంటల తరబడి చూస్తూ ఉండే మల్లేశాన్ని సినిమా ఓపికగా చూసింది. ఆ చూపు మన ప్రేక్షకుడికి కొత్త. యంత్రం ఒక మెట్టు ముందుకు కదిలినప్పుడల్లా మనమూ కుర్చీలో ముందుకు జరుగుతాం. ఏడేళ్ల ఓటమిని మనం కొంచెమైనా మోశాం గనుకనే చివర యంత్రం తిరిగినప్పుడు కళ్లు చెమ్మగిల్లుతాయి. తొందరపడి చూసేవాడికి ఆ చెమ్మ రాదు.

కానీ నా ఫిర్యాదు ఒకటుంది, అది చిన్నది కాదు. ఈ సినిమా ఎవరి కోసం నిదానించింది? కొడుకు కోసం. తల్లి ఆసు పోస్తుంటే కెమెరా కాసేపు చూసి, కొడుకు ముఖం మీదికి వెళ్లిపోతుంది. ఆమె నొప్పి అతని కథకు నిప్పురవ్వ. అంతవరకే దాని పని. 9,000 అనే అంకె మన చెవిన పడుతుంది, ఒంటికి తగలదు. కష్టం చిక్కబడే చోట పాట వచ్చి ఏళ్లను దాటిస్తుంది. మార్క్ కె. రాబిన్ సంగీతం బాగుంది, దాశరథి కవితను పాటగా వాడుకున్న తెలివికి దండం పెట్టాలి. అయినా, కాలం ఎంత మెల్లగా గడిచిందో చెప్పాల్సిన సినిమాలో పాట మనల్ని కాలం మీదుగా ఎత్తి అవతల దింపేస్తోంది. ఆ ఎత్తివేతతో మనకు సుఖంగా ఉంటుంది. ఆసు ముందు కూర్చున్న లక్ష్మికి అటువంటి సదుపాయం లేదు.

ఇక్కడే 'దాసి' గుర్తొస్తుంది.

'దాసి' 1920ల నాటి నిజాం రాజ్యంలో ఒక దొర గడీ కథ. దొర బిడ్డకు పెళ్లి చేసి అత్తారింటికి పంపేటప్పుడు పట్టుచీరలతో, బంగారంతో పాటు పనిచేసే ఆడపిల్లలనూ ఇచ్చి పంపే ఆచారం తెలంగాణలో ఉండేది. ఇలా వచ్చిన పిల్లను ఆడబాప అనేవారు. ఆమెకు జీతం లేదు, పెళ్లి లేదు, వెళ్లిపోయే హక్కు లేదు. కమలాక్షి అలాంటి పిల్ల. అర్చన ఆ పాత్ర వేసింది. పొద్దున లేచింది మొదలు గడీ పని. ఊడవడం, నీళ్లు మోయడం, కాళ్లు కడగడం, పిలిస్తే దొర పడకగదికి పోవడం, దొర ఇంటికి వచ్చిన చుట్టం అడిగితే అక్కడికీ పోవడం. కథ అని చెప్పుకోవాలంటే ఇంతే. ఆమెకు కడుపు వస్తుంది. గడీ దాన్ని ఉండనివ్వదు.

నర్సింగరావు ఈ పనులను 'ఆమె రోజంతా కష్టపడుతుంది' అనే ఒక్క వాక్యంలోకి కుదించలేదు. పని చేసేంతసేపూ కెమెరా ఆమెతో ఉంటుంది. మాటలు బహు తక్కువ. మొదటి పావుగంటలో ప్రేక్షకుడికి విసుగు పుడుతుంది, ఆ సంగతి దాచి మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. కథ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తాం. కొంతసేపటికి మన చూపులో మార్పు వస్తుంది. పిలుపు వినబడితే చాలు, ఇది ఏ పిలుపు, పనికా, పడకకా అని మనకే గుండె జారుతుంది. ఆ తేడా కమలాక్షి ముఖంలో కనబడదు. రెండు పిలుపులకూ ఆమె ఒక్కలాగే లేచి వెళుతుంది. తన రోజులో ఏ గంటా తనది కాని మనిషికి అది కూడా పనుల్లో ఒక పని అయిపోయిందన్న సంగతి మనకు డైలాగు ద్వారా తెలియలేదు. ఆమె వెనకాల అంతసేపు నడిచాం గనుక తెలిసింది. తొందరగా తీసి ఉంటే ఇదే కథ ఒక అత్యాచారం, ఒక గర్భస్రావం ఉన్న మామూలు కన్నీటి సినిమా అయ్యేది.

ఈ సినిమాకు అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు ఉత్తమ నటిగా అర్చనకు, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కు, కళాదర్శకత్వానికి తోట వైకుంఠానికి, దుస్తులకు సుదర్శన్‌కు. అర్చనకు అంతకుముందు ఏడాదే బాలు మహేంద్ర తమిళ చిత్రం 'వీడు'కు అదే పురస్కారం దక్కింది. సుదర్శన్ మన మిర్యాలగూడ మనిషి. ఆ తర్వాత జీవితమంతా ఆయన్ను దాసి సుదర్శన్ అనే పిలిచారు. ఒక ముతక చీర ఎన్ని ఉతుకులకు ఏ రంగుకు దిగుతుందో తెలిసినవాడు దుస్తులు చూడటం వల్లనే కమలాక్షి నటిలా కాక గడీలో పుట్టి పెరిగినదానిలా కనిపిస్తుంది. వైకుంఠం బొమ్మల్లోని తెలంగాణ ఆడవాళ్లను చూసినవాళ్లు గడీ గోడల రంగులో, సామాన్లు అమర్చిన తీరులో ఆయన చెయ్యి గుర్తుపడతారు.

అలాగని 'దాసి'లో లోపం లేదనను. వైకుంఠం రంగులు, బీర్ వెలుగునీడలు కలిసి కొన్నిచోట్ల ఆ చాకిరీని కూడా అందమైన చిత్తరువు చేస్తాయి. గడపలో పడిన ఎండ మనల్ని ఎంత పట్టేస్తుందంటే, ఆ గడప ఊడుస్తున్న మనిషి ఒక్క క్షణం మరుగున పడుతుంది. ఇంకోటి, కమలాక్షి లోపల ఏముందో సినిమా చివరిదాకా తెరవలేదు. ఆ మౌనం నిజమే, గడీలో దాసికి నోరు విప్పే చోటు ఎక్కడిది? కానీ వంటింటి వెనక, బావి దగ్గర తోటి దాసులతో ఉన్నప్పుడు ఆమెకొక కొంటె మాట, ఒక తిట్టు, ఒక కోరిక ఉండి ఉంటాయి కదా. అక్కడ ఆమెను ఇంకాస్త వినిపించి ఉంటే బాధితురాలితో పాటు మనిషినీ చూసేవాళ్లం. ఈ ఒక్క విషయంలో 'మల్లేశం' ముందుంది. శారాజీపేట మనుషులకు కోపం, కుళ్లు, హాస్యం, మొండితనం అన్నీ ఉన్నాయి.

పని చేసే ఆడమనిషి కాలాన్ని కాలంగానే చూపించడం ఒక్క నర్సింగరావు చేసింది కాదు. 1975లో బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్ 'జాన్ డీల్‌మాన్' తీసింది. ఒక వితంతువు మూడు రోజుల ఇంటిపని, 201 నిమిషాలు. బంగాళాదుంపలు చెక్కు తీయడం మొత్తం చూడాలి. 2022లో బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' విమర్శకులను అడిగి వేసిన జాబితాలో ప్రపంచ సినిమాలన్నింటిలోకీ మొదటి స్థానం దానికి వచ్చింది. బ్రస్సెల్స్‌లోని వంటిల్లు, తెలంగాణ గడీ ఒకటి కావు. అక్కడి స్త్రీ తలుపు తన చేత్తో మూసుకోగలదు. కానీ చెయ్యి చేస్తున్న పనిని కోయకుండా చూపిస్తే ప్రేక్షకుడి లోపల ఏమవుతుందో ఆకెర్మాన్‌కూ నర్సింగరావుకూ తెలుసు. ఆలుగడ్డ చెక్కు తీయడం అంత గొప్ప సినిమాకు సరిపోయినప్పుడు ఆసు పోయడం సరిపోదా?

చేనేత మీదే తీసిన మరో సినిమాను ఇక్కడ తలవాలి. ప్రకాశ్ రాజ్‌తో ప్రియదర్శన్ తీసిన తమిళ చిత్రం 'కాంచీవరం'. కూతురి పెళ్లికి పట్టుచీర పెడతానని మాటిచ్చిన నేతకారుడు రోజూ పనిచేసే చోటు నుంచి పట్టుపోగులు నోట్లో దాచుకుని దొంగిలించి, ఇంట్లో రహస్యంగా నేస్తాడు. దవడలో పోగు పెట్టుకుని, ఎవరైనా మాట్లాడిస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ నడిచే ఆ మనిషి నన్ను చాలాకాలం వదల్లేదు. చివరకు సగం నేసిన ఆ పట్టు చచ్చిపోయిన కూతురి ఒంటికి చాలదు. 'కాంచీవరం' పోగును పోగుగా చూపించింది, అదెంత సన్ననిదో, ఎంత ఖరీదైనదో మనకు నోటిలో తెలిసేలా చేసింది. 'మల్లేశం'లో యంత్రం మీద పెట్టిన శ్రద్ధలో సగం పోగు మీద పెట్టి ఉంటే అనిపిస్తుంది. అయితే 'కాంచీవరం' కథ దుఃఖంలోకి జారడానికే పుట్టింది. 'మల్లేశం'కు అలా జారే వీలు లేదు. నిజం మనిషి గెలిచాడు, ఆ యంత్రాలు నిజం ఇళ్లలో తిరుగుతున్నాయి. ఆ గెలుపును చూపించినందుకు సినిమాను తక్కువ చేయలేం.

నిదానం అంటే చాలదు, అది ఏ కాలపు నిదానమో చూడాలి. కమలాక్షి బతికిన 1920లలో బయటికి దారి లేదు. 1944లో ఇదే భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండో ఆంధ్రమహాసభ జరిగింది. అతివాదులు సంస్థను చేతిలోకి తీసుకున్నది అక్కడే. ఆ తర్వాత సంఘం ఊరూరికీ పాకి, వెట్టి చెయ్యం అని జనం గడీల ముందుకొచ్చారు. ఆ ఎదురుతిరుగుడు కాలాన్ని గౌతమ్ ఘోష్ 'మా భూమి'లో చూపించాడు. దాని నిర్మాతల్లో నర్సింగరావు ఒకరు. 'మా భూమి'లో పరుగు ఉంది, పాట ఉంది, జనం ఉన్నారు. అది తీసి పదేళ్లు తిరక్కముందే ఆయన వెనక్కి, సంఘం రాకముందటి గడీలోకి వెళ్లి, అడుగు తీసి అడుగు వెయ్యని 'దాసి' తీశాడు. గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్‌లో దొరల ఇంట పుట్టిన మనిషి ఆయన. గడీ గుట్టు లోపలి నుంచి తెలుసు. జెండాలు, నినాదాలు చూసిన ప్రేక్షకుడికి, ఆ నినాదం ఎవరి నోటి నుంచి ఎన్నటికీ రాలేకపోయిందో చూపించాలనుకున్నాడని నేను నమ్ముతాను. 'దాసి' చివర మనకు ఊరట ఇవ్వకపోవడం అందుకే న్యాయం. ఇచ్చి ఉంటే అబద్ధం అయ్యేది.

'మల్లేశం' జరిగేది 1990లలో. గడీలు కూలిపోయాయి, భూదాన్ ఉద్యమం మొదలై నలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు దొర లేడు, అప్పిచ్చినవాడు ఉన్నాడు. వెట్టి లేదు, కానీ పొద్దున ఆసు ముందు కూర్చున్న ఆడమనిషి మధ్యాహ్నానికి గానీ లేవదు. ఆమె కూర్చోవడానికి కారణం గడీ ఆజ్ఞ కాదు, కుటుంబం మీది ప్రేమ, పూట గడవాలన్న అవసరం. కాబట్టి ఆమె కాలాన్ని చూపించడం కమలాక్షి కాలాన్ని చూపించడం కన్నా కష్టం. కమలాక్షి బంధనం ఎవరికైనా కనబడుతుంది. లక్ష్మి బంధనానికి ఇంట్లోవాళ్లందరూ అలవాటుపడ్డారు, ఆమె కూడా. అది బంధనమని మొదట గుర్తించినవాడు కొడుకు. రాజ్ రాచకొండ ఆ గుర్తింపును గౌరవించాడు, దాని వెంట వెళ్లాడు. వెళ్లే తొందరలో తల్లిని ఆసు ముందే వదిలి వెళ్లాడు.

రెండు సినిమాల్లో ఏది గొప్పదని అడిగితే 'దాసి' అంటాను, తడుముకోను. కానీ శారాజీపేటలోనో కొయ్యలగూడెంలోనో చేనేత ఇంటి పిల్లకు మొదట ఏది చూపించాలని అడిగితే 'మల్లేశం' అంటాను. తన ఇంట్లోని చెక్కసామాను, తన అమ్మ కూర్చునే భంగిమ, తన ఇంటి భాష తెర మీద గౌరవంగా కనబడటం ఆ పిల్లకు ముందు అందాలి. ఆ తర్వాత ఒకరోజు, ఫోను పక్కన పెట్టి, మధ్యలో ముందుకు జరపకుండా 'దాసి' చూడమంటాను. ఒకటిన్నర వేగంలో పెట్టి చూస్తే 'మల్లేశం' కథ అర్థమవుతుంది. 'దాసి' అలా చూస్తే ఏమీ మిగలదు. ఆ వేగంలో కమలాక్షి చకచకా పనిచేసే చురుకైన పిల్లలా కనబడుతుంది, అంతకన్నా అన్యాయం ఆమెకు ఇంకొకటి ఉండదు.

నాకు ఇంకా ఆశ ఉన్నది మూడో సినిమా మీద. అది ఎవరూ తీయలేదు. లక్ష్మి కథ లక్ష్మి వైపు నుంచి. యంత్రం రాకముందు ఒక పొద్దు, ఒక చీర. కొడుకు పొలిమేరలో ఎక్కడో ఉంటాడు, పద్మశ్రీ ఇంకా పాతికేళ్ల దూరంలో ఉంటుంది. పొయ్యి మీద ఎసరు, బడికి పోయే పిల్లలు, సాయంత్రానికి నూలు అందాలని మగ్గం దగ్గర నుంచి కేక, వీటి మధ్య చెయ్యి చాపడం, వెనక్కి తేవడం. ఇరుగమ్మ వచ్చి కబుర్లు చెబితే లెక్క తప్పకుండా జవాబు చెప్పే నేర్పు. నొప్పి ఏ జాముకు మొదలవుతుందో, ఏ జాముకు తెలియకుండా పోతుందో. ఆమె నవ్వితే దేనికి నవ్వుతుందో. 'మల్లేశం' ఇచ్చిన మనుషుల ముఖాలు, 'దాసి' నేర్పిన కెమెరా ఓపిక రెండూ దానికి కావాలి. ఆసు పోసినవాళ్లు పోచంపల్లిలో, పుట్టపాకలో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర నాలుగు నెలలు కూర్చుని, చెయ్యి ఎలా తిరుగుతుందో నేర్చుకునే నటి కావాలి. ఆ నాలుగైదు గంటల్లో కనీసం పది నిమిషాలు కోయకుండా తెర మీద ఉంచే ధైర్యం ఎడిటరుకు ఉండాలి.